కంది లెక్కల వెనక పుస్తకాల లెక్క

తాండూరు: పంట ఖర్చులు రాసుకునే నోటుబుక్కును వెనక నుంచి తిరగేస్తే ఆ రైతు ఏడాది చదువంతా కనిపిస్తుంది. ముందువైపు విత్తనం, మందు, కూలి డబ్బులు. వెనకవైపు పుస్తకాల పేర్లు, తెచ్చిన తేదీ, తిరిగిచ్చిన తేదీ. మొత్తం తొమ్మిది. రెండింటికి ఎదురుగా 'సగం' అని ఉంది. తాండూరు దగ్గరి పల్లెలో నాలుగెకరాల్లో కంది వేసే ఈ పెద్దాయన చదివింది ఎనిమిదో తరగతి. పేరు బయటికి రావడం ఆయనకు ఇష్టం లేదు.

జూన్, జులై నెలల్లో ఒక్క పేరూ లేదు. విత్తనాల రోజుల్లో పుస్తకం ముట్టే తీరికెక్కడిది! ఆగస్టు ముసురులో దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఇంటికి వచ్చింది. నిజాం కాలపు తెలంగాణ పల్లె కథ అది. తండ్రి నోట విన్న వెట్టి ముచ్చట్లన్నీ అచ్చులో కనిపించేసరికి ఆయన రెండు రాత్రులు దీపం ఆర్పలేదు. మూడో రాత్రి చూస్తే చివరి పేజీలు లేవు. ఎవరో చింపుకుపోయారు.

"కథ సగంల ఇడిస్తే కాలుల ముల్లు ఇరిగినట్టే ఉంటది" అంటారాయన. కలుపు పని ముగిశాక రైలెక్కి వికారాబాద్ వెళ్లారు. గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరకగానే ముందు వెనక పేజీలు ఉన్నాయో లేదో చూసుకున్నారు. అక్కడే బల్ల మీద కూర్చుని ముగించి, సాయంత్రం బండికి తిరిగొచ్చారు. నోటుబుక్కు ముందువైపున ఆనాటి చార్జీ, చాయ్ ఖర్చు కూడా పడ్డాయి.

ఈ ప్రాంతంలో తెలుగు పుస్తకం సులువుగా చేతికొచ్చింది కాదు. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. నిజాం ఏలుబడిలో పెద్ద చదువులు ఉర్దూలో. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో వెలిసింది. వట్టికోట ఆళ్వారుస్వామి ఊరూరా తిరిగి పుస్తకాలమ్మారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టంతో ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వచ్చింది. అంటే ఆ చిరిగిన పేజీలు ఊరందరి సొత్తే.

కంది పూతకొచ్చేసరికి అక్షరాలు మసకబారాయి. కంట్లో శుక్లం. ఆపరేషన్ పంట వచ్చాకే అని ఆయన పట్టు. అప్పుడు ముందుకొచ్చింది కోడలు. పదో తరగతితో చదువు మానిన ఆమె రాత్రి గిన్నెలు కడిగాక దీపం కింద కూర్చుని, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అందుకుంది. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, తెచ్చిన పుస్తకమిది. రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆటలు ఇందులో ఎక్కువ. పద్యాలు వచ్చినచోట ఆమె తడబడుతుంది. "దాటేద్దునా మామా?" అంటే, "వద్దు బిడ్డా, మెల్లగ కూడబలుక్కో" అంటాడాయన. పాతకాలపు తిండి సంగతులు వచ్చిన రాత్రి అత్త కూడా గడప దగ్గర చేరింది. ఎన్నడూ బడి మొఖం చూడని ఆ ఇల్లాలు ఆనాటి వంటలకూ తన వంటకూ వంకలు వెతుకుతుంటే చదువు గంటసేపు ఆగిపోయింది.

ఒకరోజు తెల్లవారుజామున పొయ్యి దగ్గర వెలుతురు చూసి ఆయన లేచారు. కోడలు ముందు పేజీలు చదివేసుకుంటోంది. రాత్రి తెలియనట్టే మళ్లీ మొదలుపెట్టింది. ఆయనా తెలియనట్టే విన్నారు.

2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కంది కోత డిసెంబరు, జనవరుల్లో. బస్తాలు మార్కెట్‌కు చేరాక కంటి ఆపరేషన్. నోటుబుక్కు వెనక తొమ్మిదో పేరు మాత్రం ఆయన చేతిరాత కాదు. గుండ్రంగా, కొంచెం వంకరగా ఉంది. పక్కనే 'సగం' అని రాసి, కొట్టేసి, 'ఇంకా ఉంది' అని దిద్దారు.