శిలారోహణలో క్లిష్టతా శ్రేణులు: తెలుగులో నమోదు సమస్య

కీలక పదాలు: శిలారోహణ, బౌల్డరింగ్, క్లిష్టతా శ్రేణి, పరిభాష, రామతీర్థం.

1. ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థంలో బోడికొండపై కోదండరామాలయం ఉంది. మెట్లదారిన ఆలయానికి వెళ్లే భక్తునికీ, మెట్లు లేని నున్నని బండ కింద నిలిచి పైకి చూసే ఆరోహకునికీ ‘కష్టం’ అన్న మాట ఒకే అర్థాన్ని ఇవ్వదు. ఈ తేడాను సంకేతాలలో చెప్పేదే క్లిష్టతా శ్రేణి. వ్యవహారంలో దీన్ని గ్రేడు అంటారు. ప్రధాన శ్రేణులను పరిచయం చేసి, వాటిని తెలుగులో నమోదు చేసేటప్పుడు ఎదురయ్యే సమస్యను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రధాన పద్ధతులు

అమెరికాలోని యోసెమిటీ పద్ధతిలో ఐదు తరగతులున్నాయి. ఒకటో తరగతి మామూలు నడక. మూడో తరగతిలో చేతుల ఆసరా కావాలి. ఐదో తరగతిలో సాధారణంగా తాడు రక్షణతో బండ ఎక్కాలి. ఈ లెక్కన మెట్లదారి ఒకటో తరగతికి చెందుతుంది. ఐదో తరగతిని మొదట 5.0 నుంచి 5.9 వరకు విభజించారు. అంతకంటే కష్టమైన మార్గాలు సాధ్యమయ్యాక 5.10 అవసరమైంది. ఇది గణితంలోని దశాంశం కాదు. ‘ఐదు పాయింట్ పది’ అని చదవాలి. ఇది 5.9 కంటే కష్టం.

ఫ్రెంచి పద్ధతి అంకెకు అక్షరాన్ని, అవసరమైతే ప్లస్ గుర్తును చేరుస్తుంది: 6ఎ, 6ఎ+, 6బి. తాడు లేకుండా, కింద మెత్తలు పరచుకొని తక్కువ ఎత్తు బండలను ఎక్కే బౌల్డరింగుకు వేరే శ్రేణులున్నాయి. ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో పేరిట ఏర్పడిన ఫాంట్ శ్రేణి, అమెరికాలో జాన్ షెర్మన్ రూపొందించిన ‘వి’ శ్రేణి వాటిలో ముఖ్యమైనవి. ఫాంట్ 6ఎ సుమారుగా వి3కి సమానం.

3. లిపి తెచ్చే చిక్కు

రోమన్ లిపిలో తాడుమార్గపు 6ఎను చిన్న అక్షరంతో, బౌల్డరింగ్ 6ఎను పెద్ద అక్షరంతో రాయడం వాడుక. తెలుగు లిపిలో ఆ భేదం లేదు; లిప్యంతరీకరణలో రెండూ ఒకటైపోతాయి. నిజానికి ఫాంట్ 6ఎలోని కదలికలు తాడుమార్గం 6ఎలోని కదలికల కంటే స్పష్టంగా కష్టమైనవి. అందువల్ల తెలుగులో ‘మార్గం 6ఎ’, ‘ఫాంట్ 6ఎ’ అని శ్రేణి పేరును కలిపి రాయడం తప్పనిసరి. అంకె ఒక్కటే రాస్తే సమాచారం అసంపూర్ణమే కాదు, తప్పుదారి పట్టించేది కూడా.

4. శ్రేణి నిర్ణయం – పాకం

శ్రేణిని కొలిచే పరికరం లేదు. తొలిసారి ఎక్కినవారు ప్రతిపాదిస్తారు. తర్వాత ఎక్కినవారు సమర్థిస్తారు, లేదా సవరిస్తారు. 2016లో ఫిన్లాండులోని ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ అనే బండమార్గాన్ని నాలె హుక్కతైవల్ తొలిసారి ఎక్కి ఫాంట్ 9ఎ అని ప్రతిపాదించాడు. రెండోసారి విల్ బోసి ఎక్కింది 2023లో. అన్నాళ్లూ ఆ అంకె ఒక్కరి అనుభవమే.

సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త కాదు. ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాలు కూడా ఒక విధమైన క్లిష్టతా శ్రేణులే. కావ్యరసం పాఠకునికి ఎంత ప్రయత్నంతో అందుతుందో పాకం చెబుతుంది. కావ్యం గొప్పదనాన్ని చెప్పదు. అలాగే ఫ్రెంచి, ఫాంట్ శ్రేణులు ప్రధానంగా కష్టాన్నే చెబుతాయి, ప్రమాదాన్ని కాదు. అందుకే సంప్రదాయ బ్రిటిష్ పద్ధతి మార్గం మొత్తం తీవ్రతకు ఒక సంకేతాన్ని, అతి కష్టమైన కదలికకు మరొక సంకేతాన్ని వాడుతుంది.

5. ముగింపు

ఈ పరిభాషను తెలుగులో స్థిరపరచేటప్పుడు ‘పట్టు’, ‘అంచు’, ‘నెర్రె’, ‘ఒడుపు’ వంటి వాడుకమాటలు ఉపకరిస్తాయి. సంకేతాలను మాత్రం శ్రేణి పేరుతో సహా స్వీకరించాలి. అయితే ఒక బండ ఎంత కష్టమో చెప్పే శ్రేణి, దాన్ని ఎక్కవచ్చునో లేదో చెప్పదు. రామతీర్థంలో గురుభక్తులకొండపై బౌద్ధ అవశేషాలు, దుర్గకొండపై జైన అవశేషాలు ఉన్నాయి. అటువంటి చోట మేకు దిగగొట్టడానికి ముందు అడగవలసిన ప్రశ్నకు ఏ శ్రేణిలోనూ సమాధానం లేదు.