పక్షులకు వేసిన విస్తరి

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రహదారిలో మొయినాబాద్ దాటాక ఎండ కాస్త తగ్గుతుంది. రెండువైపులా మర్రిచెట్లు. విస్తరణ పనులకు ముందు మన్నెగూడ వరకు దాదాపు 900 ఉండేవి. పండ్ల కాలంలో కింద నిలబడితే గోరింకల గోలలో పక్కవారి మాట వినబడదు!

ఈ రోడ్డు వెడల్పు కావాలి, కాదనలేం. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించారు. ఆ కుటుంబాల ముందు చెట్ల గురించి మాట్లాడటం తేలిక కాదు. అయినా అడగాలి: దారి వెడల్పు కావాలంటే చెట్టు కూలాల్సిందేనా? పాత వరుసను మధ్యలో ఉంచి పక్కనుంచి కొత్త దారి వేయవచ్చు గదా!

పట్టణాన్ని ముట్టడించే సైన్యానికి సైతం మోషే ధర్మశాస్త్రం హద్దు పెట్టింది (ద్వితీయోపదేశకాండము 20). ఫలవృక్షాలపై గొడ్డలి ఎత్తరాదు. యుద్ధం కంటే పెద్ద ‘అవసరం’ ఏముంటుంది? మర్రిపండు మనం తినేది కాదు, నిజమే. కానీ ఆకాశపక్షులను పోషించేవాడు పరలోకపు తండ్రేనని నమ్మే మనకు, ఆయన వాటికి వేసిన విస్తరి ఇదేనని కనబడకపోతే ఎలా?

పండ్ల కాలం చూసి ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లల్ని అటు తీసుకెళ్లండి. బండి రోడ్డుకు దూరంగా ఆపి, ఒక్క చెట్టు మీద ఎన్ని రకాల పిట్టలు వాలాయో లెక్కపెట్టించండి.