ఇప్పగింజలో ఉన్న వెన్న

డిసెంబరులో క్రిస్మస్ క్యారల్స్‌కు గూడేలు తిరిగినప్పుడు, ప్రార్థనకు చాప మీద కూర్చున్న తల్లుల పాదాలు మా కంట పడుతుంటాయి. వాన లేని పొలం నెర్రెలిచ్చినట్టు మడమలు పగిలి ఉంటాయి. గోదావరి మీదుగా వచ్చే చలిగాలికి చిన్నపిల్లల బుగ్గలు చిట్లుతాయి, ఒళ్లు గోకితే తెల్లగీతలు పడతాయి. పట్నంలో చదువుతూ సెలవులకు వచ్చిన ఆడపిల్లలు మాత్రం సంచిలోనుండి ఒక చిన్న డబ్బా తీస్తారు. దాని పేరు బాడీ బటర్, అంటే ఒంటికి రాసుకునే వెన్న. అందులో షియా వెన్న ఉన్నదని డబ్బా మీద రాసి ఉంటుంది. అదేమిటని విచారిస్తే, పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో స్త్రీలు ఒక చెట్టు గింజనుండి తీసే కొవ్వు అని తెలిసింది. ఆ షియా చెట్టు మన ఇప్పచెట్టు కుటుంబానికే చెందినది!

ఇప్ప అనగానే మన విశ్వాసులకు సారా గుర్తుకు వస్తుంది. ఇందులో మా తప్పు కూడా ఉన్నది. సేవకు వచ్చిన కొత్తలో, త్రాగుడు వలన పాడైన కుటుంబాలను చూచి, ఒక ఆదివారం ఆరాధనలో ఇప్పచెట్టు మీదనే గట్టిగా ప్రసంగించాము. ఆ చెట్టు దరికి పోవద్దన్నాము. కొన్ని నెలల తరువాత ఒక కోయ సహోదరి ఆరాధన ముగిశాక ఆగి, “అయ్యగారూ, పూవు మానేశాము. గింజ కూడా పాపమేనా?” అని అడిగింది. మా మాట విని ఆమె ఆ ఏడు గింజ ఏరలేదు. గింజ అమ్మితే వచ్చే డబ్బు పోయింది, ఇంట్లో ఒంటికి రాసే నూనె కూడా పోయింది. చలికాలం బిడ్డ బుగ్గలు చిట్లితే సంతలో ఏదో క్రీము కొని రాసింది. ముఖం ఎర్రగా కందిపోయింది. డాక్టరుగారు చూచి, ఆ క్రీములో స్టిరాయిడ్ మందు ఉన్నదని చెప్పారు. అటువంటి పూతలు ఎక్కువ రోజులు వాడితే చర్మం పలచబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం కట్టడి చేసింది గాని, సంతలకు ఆ కట్టడి ఎంత చేరిందో మీకే తెలుసు.

2 రాజులు 4వ అధ్యాయంలో అప్పులపాలైన విధవరాలిని ఎలీషా ప్రవక్త, ఇంట్లో ఏమున్నదని అడిగాడు. ఆమె ఇంట ఉన్నది కొద్దిపాటి నూనె. మా సంఘంలో ఆ నూనెను మేమే బయట పారవేయించినట్టయింది. మరుసటి ఆదివారం అదే స్థలంలో నిలబడి ఆ మాట దిద్దుకున్నాము. సారా విషయంలో మా మాట ఇప్పటికీ మారలేదు.

ఇప్ప మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. కాయ జూన్, జూలైలో పండి రాలుతుంది. గుజ్జు తీసి, గింజ పగులగొట్టి, లోపలి పప్పును గలగలలాడేవరకు ఎండబెట్టాలి. బూజు పట్టిన పప్పు ఒక్క గుప్పెడు కలిసినా నూనె ముక్క వాసన వేస్తుంది గనుక నిర్దయగా ఏరి పారేయండి. మరలో ఆడిస్తే వంద కిలోల పప్పుకు 35 కిలోల వరకు నూనె వస్తుంది. గానుగలో అంత రాదు. మిగిలిన చెక్కలో విషముంటుంది, దానిని పశువులకు పెట్టవద్దు, వాగులో పారేయవద్దు. వాగులో వేస్తే చేపలు చస్తాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలు అడవి ఫలసాయాన్ని కొంటూ వచ్చాయి. దానిని ఏరి అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఇచ్చింది. అమ్ముకోండి, కాని ఇంటికి కొంత ఉంచుకోండి.

చలికాలం తెల్లవారుజామున ఇప్పనూనె సీసాలో నెయ్యిలా పేరుకుంటుంది. వెన్నగా పనికివచ్చే గుణం అదే. ఎండ ముదిరితే కరిగిపోతుంది. అందుకని తేనె మైనం కలపాలి. తేనె పిండిన పట్టును నీళ్లలో కాచి, గుడ్డలో వడకట్టి చల్లారనిస్తే మైనం పైకి తేలి గడ్డకడుతుంది. దాని తడి పూర్తిగా ఆరాలి.

మా స్త్రీల మైత్రి కూటంలో చేసే కొలత ఇది: ఇప్పనూనె 200 గ్రాములు, నువ్వుల నూనె 50 గ్రాములు, మైనం 25 గ్రాములు. ఎండాకాలమైతే మైనం 40 గ్రాములు. పెద్ద గిన్నెలో నీళ్లు కాగుతుండగా అందులో చిన్న గిన్నె పెట్టి, మైనాన్ని నువ్వుల నూనెతో కరిగించి, తరువాత ఇప్పనూనె పోయాలి. నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు, నూనె అంటుకుంటుంది. దించి, చల్లారేకొద్దీ మజ్జిగ కవ్వంతో చిలకాలి. మొదటిసారి మా సహోదరీలు కబుర్లలో పడి చిలకడం మరిచారు. గిన్నెలో రాయిలాంటి బిళ్ల తయారైంది! మళ్లీ కరిగించి చిలికితే సరిపోయింది. గిన్నె, కవ్వం, డబ్బా అన్నీ పొడిగా ఉండాలి. నీటి చుక్క పడితే బూజు వస్తుంది. నీడన ఉంచి, మూడు నెలల్లో వాడేయాలి.

ఈ వెన్న ఒంటికి తడిని ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. అందుకని స్నానం చేసిన వెంటనే, ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే రాయాలి. కుష్ఠు వలన స్పర్శ పోయిన పాదాలకు నేర్పే పద్ధతి కూడా ఇదే: రోజూ నీళ్లలో నానబెట్టి, తుడిచి, నూనె పట్టించడం. మిరపకాయ కోతకు పోయే తల్లులకు ఇంకొక మాట. మిరప మంట నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. చేతులకు మొదట నూనె రుద్ది, ఆ తరువాత సబ్బుతో కడగండి.

ముందుగా మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. దురద వస్తే మానండి. పచ్చిపుండ్లకు, గజ్జికి ఇది మందు కాదు. స్పర్శ లేని తెల్లమచ్చ కనబడితే దాని మీద ఏదీ పూయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠుకు మందు అక్కడ ఉచితం.

పోయిన క్రిస్మస్‌కు ఆ సహోదరి మా చేతిలో ఒక డబ్బా పెట్టి, “అయ్యగారూ, మీరు చెప్పులు విడిచి వాక్యం చెప్పేటప్పుడు మీ మడమలే కనబడుతున్నాయి” అన్నది.