ఫోన్‌లో తెలుగు స్టడీ బైబిల్: యాప్ కన్నా ముందు అనువాదం చూడండి

ప్లే స్టోర్‌లో 'తెలుగు బైబిల్' అని కొట్టి చూడండి. స్క్రోల్ చేసేకొద్దీ యాప్‌లు వస్తూనే ఉంటాయి. చాలావరకు ఉచితమే, స్క్రీన్‌షాట్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. మరి దేన్ని ఇన్‌స్టాల్ చేయాలి? ఫోన్ కొనేటప్పుడు లోపల ఏ ప్రాసెసర్ ఉందో చూస్తాం కదా. బైబిల్ యాప్‌లో ఆ ప్రాసెసర్ లాంటిది అనువాదం. డిజైన్ ఎంత బాగున్నా, లోపల ఉన్నది ఎవరి అనువాదమో తెలియకపోతే చదివేది ఏమిటో మనకే తెలియనట్టు.

మందిరంలో వినేదొకటి, మనం మాట్లాడేదొకటి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చాలా సంఘాల్లో పాస్టర్ గారు చదివేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి ఓల్డ్ వెర్షన్, అంటే ఓవీ. కంఠతా వచ్చిన వచనాలు, పాటల్లోని మాటలు, ప్రార్థన ధోరణి అన్నీ దాని నుంచే వచ్చాయి. అందులో 'చెప్పెను', 'వ్రాయబడియున్నది' లాంటి గ్రాంథిక రూపాలు ఉంటాయి. అమ్మమ్మకి అవి నోటికొచ్చు. ఇంటర్ చదివే మనవడికి ఒక్కో వాక్యం దగ్గర బ్రేక్ పడుతుంది.

ఈ గొడవ మన ప్రాంతానికి కొత్త కాదు. వాడుక భాషలోనే చదవాలి, రాయాలి అని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. వాడుక తెలుగులో గురజాడ రాసిన 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. తెలుగు బైబిల్ అచ్చు చరిత్రలో కూడా ఉత్తరాంధ్రకు చోటుంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే ఆయన వాళ్లకు సాయం చేశారు. అనువాదకులిద్దరూ చనిపోయాక, 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

ఫోన్‌లో దొరికే నాలుగు

యూవెర్షన్ వారి బైబిల్ యాప్‌లో ముఖ్యమైన తెలుగు అనువాదాలు ఒకేచోట దొరుకుతాయి.

ఓవీ: సంఘంతో కలిసి చదవడానికి, కంఠతా పట్టడానికి ఇదే. స్టడీకి వాడితే పక్కన ఇంకొకటి తప్పనిసరి.

ఈజీ టు రీడ్ వెర్షన్ (పవిత్ర బైబిల్): చిన్న వాక్యాలు, తేలిక మాటలు. మొదటిసారి చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. అయితే కష్టమైన మాటను విడమరిచి చెప్పేటప్పుడు ఒక అర్థాన్ని అనువాదకుడే ఎంచుకోవాల్సి వస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ (ఐఆర్‌వీ, 2019): వాడుక భాషకు దగ్గరగా ఉంటుంది, మూలాన్ని మరీ వదిలిపెట్టదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదలైంది కాబట్టి వేరే యాప్‌లలో కూడా చట్టబద్ధంగా కనిపిస్తుంది.

బిబ్లికా తెలుగు సమకాలీన అనువాదం: ఈనాటి తెలుగులో సాఫీగా సాగుతుంది. వరసగా అధ్యాయాలు చదివేవాళ్లకు బాగుంటుంది.

కతోలికులు ఒక విషయం చూసుకోవాలి. వాళ్ల బైబిల్‌లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66. ఇన్‌స్టాల్ చేయగానే విషయసూచికలో తోబితు, మక్కబీయులు ఉన్నాయో లేదో చూడండి.

అనువాదం ఒక్కటే చాలదు ఎందుకంటే

యోహాను 21:15-17 తీసుకోండి. యేసు పేతురును మూడుసార్లు ఒకే ప్రశ్న అడుగుతాడు. తెలుగు ఓవీలో మూడుసార్లూ 'ప్రేమించు' అనే మాటే. గ్రీకులో మాత్రం రెండు వేర్వేరు క్రియలు ఉన్నాయి: అగపావో, ఫిలియో. ఈ తేడాకు లోతైన అర్థం ఉందని కొందరు పండితులంటారు. యోహాను ఒకే భావానికి రెండు మాటలు వాడాడంతేనని మరికొందరంటారు. ఎవరి మాట సరైనదో తేల్చుకోవాలన్నా ముందు ఆ తేడా మన కంటపడాలి కదా. స్ట్రాంగ్స్ నంబర్లు ఉన్న టూల్ పనికొచ్చేది ఇక్కడే. 1890లో వచ్చిన జేమ్స్ స్ట్రాంగ్ కంకార్డెన్స్ ప్రతి హీబ్రూ, గ్రీకు మాటకూ ఒక నంబరు ఇచ్చింది. కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ తయారుచేసిన స్టెప్ బైబిల్‌లో ఇంగ్లీష్ పాఠంతో ఇవి ఉచితంగా చూడొచ్చు.

ఇంకో ఉదాహరణ. చాలా కొత్త అనువాదాల్లో అపొస్తలుల కార్యములు 8:37 పాఠంలో ఉండదు, ఫుట్‌నోట్‌లో ఉంటుంది. పాత గ్రీకు ప్రతుల్లో ఆ వచనం లేకపోవడమే కారణం. ఫుట్‌నోట్లు చూపించని యాప్‌లో చదివితే 36 తర్వాత నేరుగా 38 కనిపిస్తుంది. 'వచనం తీసేశారు' అంటూ వాట్సాప్ ఫార్వర్డ్‌లు పుట్టేది ఇలాంటి చోటే.

నోట్స్ వేరు, వాక్యం వేరు

తెలుగులో గ్రేస్ మినిస్ట్రీస్ వారి స్టడీ బైబిల్ లాంటివి నోట్స్‌తో దొరుకుతాయి. నోట్స్ మంచి సహాయమే. కానీ అవి రాసింది ఫలానా సిద్ధాంతం, ఫలానా నేపథ్యం ఉన్న మనిషి. బాప్తిస్మం, అంత్యదినాలు లాంటి విషయాల్లో సంఘానికీ సంఘానికీ తేడా ఉంటుంది. అచ్చు పుస్తకంలో గీత కింద చిన్న అక్షరాల్లో నోట్స్ ఉంటాయి కాబట్టి తేడా తెలుస్తుంది. ఫోన్‌లో కొన్ని యాప్‌లు రెండింటినీ ఒకే ఫాంట్‌లో పెడతాయి. అప్పుడు మనిషి అభిప్రాయం వాక్యంలా కనిపిస్తుంది. నోట్స్ ఎవరు రాశారో పేరు చెప్పని యాప్‌ను నమ్మకపోవడమే మంచిది.

ఇన్‌స్టాల్ చేశాక ఈ టెస్ట్ పెట్టండి

1. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి 119వ కీర్తన తెరవండి. 176 వచనాలూ ఆగకుండా రావాలి. సీతంపేట, కురుపాం కొండల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట ఆఫ్‌లైన్ లేని యాప్ దండగ. యూవెర్షన్‌లో అనువాదాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి.

2. సెర్చ్‌లో 'వ్రాయ' అని ఒకసారి, 'రాసి' అని ఒకసారి కొట్టండి. ఓవీలో పాత స్పెల్లింగులే ఉంటాయి కాబట్టి కొత్త రూపంతో వెతికితే దొరక్కపోవచ్చు. పూర్తి మాట బదులు 'దేవుని', 'ప్రేమ' లాంటి మొదటి భాగం ఇస్తే విభక్తి ప్రత్యయాల బెడద తగ్గుతుంది.

3. 'అబౌట్' పేజీలో అనువాదం పేరు, హక్కుదారు పేరు ఉన్నాయా? లేకపోతే తీసేయండి. కాంటాక్టులు, లొకేషన్ అడిగినా అంతే. బైబిల్ చదవడానికి మీ ఫోన్‌బుక్‌తో పనేముంది?

4. రెండు అనువాదాలు పక్కపక్కన చూడగలమా? యూవెర్షన్‌లో వచనం మీద నొక్కితే పోల్చి చూసే ఆప్షన్ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ సోర్స్ యాప్ 'అండ్ బైబిల్' స్క్రీన్‌ను రెండు కిటికీలుగా విడగొడుతుంది, ప్రకటనలు ఉండవు.

మా సలహా

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఐఆర్‌వీని మెయిన్‌గా, ఓవీని పక్కన పెట్టుకోండి. కళ్లు సరిగ్గా కనిపించని పెద్దవాళ్లకు బైబిల్.ఈజ్ యాప్‌లో తెలుగు ఆడియో పెట్టివ్వండి. స్ట్రాంగ్స్ నంబర్లు, నోట్స్ రెండో దశలో చూసుకోవచ్చు. ట్రయల్‌కి యోనా గ్రంథం సరిపోతుంది: నాలుగే అధ్యాయాలు. ముందు ఐఆర్‌వీలో ఒక్క బిగిన చదవండి, తర్వాత ఓవీలో. రెండూ తేడాగా చెప్పిన చోట్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, ఆదివారం పాస్టర్ గారిని అడగండి. ఆ ప్రశ్నలతోనే మీ స్టడీ మొదలైనట్టు.