బజ్జీ పక్కన బజ్జుంటే..

రాత్రి రెండున్నర. ల్యాప్‌టాప్ మూసేశాను. ప్రొడక్షన్‌లో వచ్చిన సమస్య సర్దుకుంది కానీ నా గుండే సర్దుకోలేదు. దడదడా కొట్టుకుంటూనే ఉంది. ఏసీ వేసి ఉన్నా అరచేతుల నిండా చెమట. ఫోన్ తీసి ‘గుండెపోటు లక్షణాలు’ అని వెతికాను. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు గూగుల్‌ని అస్సలు అడగకూడని ప్రశ్న అది!

మర్నాడు ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసీజీ తీశారు. అంతా మామూలుగానే ఉందన్నారు. డాక్టర్‌గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “ఇంట్లో ఎవరెవరు ఉంటారు?” అనడిగారు.

“నేనొక్కణ్ణే సార్.” తర్వాత గుర్తొచ్చి, “ఓ కుక్క కూడా ఉంది” అన్నాను.

“దాంతో కాసేపైనా కూర్చుంటావా?”

నా దగ్గర జవాబు లేదు. రెండు పూటలా తిండి పెడతాను, రెండు పూటలా బయట తిప్పుతాను. నా చేయాల్సిన పనుల లిస్టులో అదో రెండు టిక్కులు. అంతే!

ఇది ఏడాదిన్నర కిందటి మాట. అప్పుడే మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. వాళ్ళ పనంతా మిగతావాళ్ళ నెత్తిన పడింది. వచ్చే లిస్టులో నా పేరుంటుందేమోనన్న భయంతో నిద్ర పట్టేది కాదు. డాక్టర్‌గారు కౌన్సెలింగ్‌కి రాసిచ్చారు, కాఫీలు తగ్గించమన్నారు. లేచి వస్తుంటే ఇంకో మాట కూడా అన్నారు. “రోజూ ఓ పావుగంట ఫోన్ అవతల పెట్టి, ఆ కుక్క పక్కన కూర్చో.”

ఎవరైనా తాకి ఎన్నాళ్ళయింది?

ముందు బజ్జీ గురించి చెప్పాలి. కొండాపూర్‌లో మా వీధి చివర మిర్చిబజ్జీల బండి కింద దొరికిన ఊరకుక్క పిల్ల అది. అందుకే ఆ పేరు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడితే ఇంకో చెవి వాలిపోయి ఉంటుంది.

ఆరోజు ఇంటికొస్తూ ఓ లెక్క వేసుకున్నాను. నన్ను ఓ మనిషి తాకి ఎన్ని రోజులైంది? ఆఫీసు సగం రోజులు ఇంటినుంచే. మీటింగులన్నీ తెరమీదే. తేలిందేమిటంటే, ఆ నెలలో నా తలమీద చెయ్యేసింది సెలూన్ కుర్రాడొక్కడే!

మన ఇళ్ళల్లో అంతే కదా. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళోంచి దించేవాళ్ళే ఉండరు. మూతిమీద నూనూగు మీసం వచ్చిందంటే ఇక దగ్గరికి తీసుకునేవాళ్ళుండరు. నాన్న నన్ను ఆఖరిసారి ఎప్పుడు హత్తుకున్నారో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

మొదటిరోజే గుర్రుమంది

తలుపు తీయగానే బజ్జీని గట్టిగా వాటేసుకున్నాను. అది కర్రలా బిగుసుకుపోయింది. వదల్లేదు. ‘గుర్ర్..’ మంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. బండి కింది నుంచి తెచ్చి పెంచుకుంటే ఇదా?

టీకాకి వెళ్ళినప్పుడు పశువుల డాక్టర్‌గారికి చెప్తే ఆవిడ నవ్వేశారు. “నీకు ప్రేమ అనిపించింది, దానికి ఉరి అనిపించింది” అన్నారు. కుక్కకి భయమేస్తే మొదట తోచేది పరిగెత్తడం. మెడ చుట్టూ చేతులు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. కుక్కల ప్రవర్తన మీద ఎన్నో పుస్తకాలు రాసిన స్టాన్లీ కోరెన్ 2016లో, మనుషులు కుక్కల్ని కౌగిలించుకున్న 250 ఫొటోలు పరిశీలించారు. దాదాపు 82 శాతం ఫొటోల్లో కుక్క ఇబ్బంది పడుతున్నట్టు ఏదో ఒక సంకేతం కనిపించిందట. అది ప్రయోగశాలలో చేసిన పరిశోధన కాదు, ఫొటోల పరిశీలనే. కానీ నా గ్యాలరీలో బజ్జీతో దిగిన సెల్ఫీలు తీసి చూస్తే.. అన్నింట్లోనూ అది మొహం తిప్పుకునే ఉంది!

ఆవిడ నేర్పిన పద్ధతి చాలా తేలిక. కింద కూర్చోవాలి. దాన్నే రానివ్వాలి. ఛాతీ మీదో, చెవి వెనకో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. అది దగ్గరికి జరిగినా, మూతితో చేతిని పొడిచినా ‘ఇంకా కావాలి’ అని అర్థం. ఊరుకున్నా, పక్కకి వెళ్ళినా ‘ఇప్పుడొద్దు’ అని.

మొదటి నాలుగు రోజులు బజ్జీ పక్కకే వెళ్ళింది. అయిదో రోజు రాత్రి వచ్చి నా తొడమీద తల పెట్టింది. నిమిరి, చెయ్యి తీశాను. ముక్కుతో నా మణికట్టుని పైకెత్తింది. ఆ రాత్రి నేను సోఫా పక్కన నేలమీదే నిద్రపోయాను. ఎన్నో వారాల తర్వాత అలారం మోగేదాకా పడుకున్నది అప్పుడే.

లోపల ఏం జరుగుతుంది?

ఇంజినీర్ని కదా, బ్యాక్‌ఎండ్ చూడకుండా ఊరుకోలేను. చదివితే తెలిసిన సంగతులివి.

2003లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఓ అధ్యయనం ప్రచురించారు. కుక్కల్ని ప్రేమగా నిమిరి, మాట్లాడిన తర్వాత మనుషుల్లోనూ, కుక్కల్లోనూ కూడా ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల అనుబంధంలో కీలకమైన హార్మోన్ అదే. మనుషుల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ కూడా తగ్గింది. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఇంకో విషయం చెప్పారు. కుక్క, యజమాని ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతోందట. మనుషులు పెంచిన తోడేళ్ళలో మాత్రం అలా జరగలేదు.

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 2019లో వెలువడింది. పది నిమిషాలపాటు కుక్కల్ని, పిల్లుల్ని నిమిరినవాళ్ళ లాలాజలంలో కార్టిసోల్ తగ్గింది. ఊరికే చూస్తూ నిలబడినవాళ్ళలో అంతగా తగ్గలేదు. అంటే రీల్స్‌లో కుక్కపిల్లల్ని చూడటం వేరు, తాకడం వేరు!

తాకడంలోనూ వేగముంది. మన చర్మంలో వెంట్రుకలుండే చోట సి-టాక్టైల్ అనే సన్నని నరాలుంటాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. అమ్మ ‘బజ్జో నాన్నా’ అంటూ తల నిమిరేది దాదాపు ఆ వేగంతోనే. పైగా కుక్క ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. చలికాలంలో పక్కన చేరితే వెచ్చటి దుప్పటే.

అలాగని బజ్జీ నాకు మందు కాదు. కౌన్సెలింగ్‌కి ఆరు వారాలు వెళ్ళాను. మీకూ గుండెదడ, నిద్రపట్టకపోవడం లాంటివి రోజుల తరబడి ఉంటే కుక్కపిల్లని తెచ్చుకోవడం కాదు, ముందు డాక్టర్‌ని కలవండి. టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా సరే.

దగ్గరికి తీసుకునే ముందు..

* చెవులు వెనక్కి వాల్చడం, ఊరికే ఆవలించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం.. ఇవన్నీ ‘వదిలెయ్’ అనడమే. గుర్రుమంటే కొట్టొద్దు. అది కరవడానికి ముందు చేసే హెచ్చరిక.
* తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు మీద పడొద్దు. చిన్నపిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదలొద్దు.
* రేబిస్ టీకాలు, నులిపురుగుల మందు సమయానికి వేయించాలి. గోమార్లు ఉన్నాయేమో చెవుల్లో, వేళ్ళ సందుల్లో చూస్తుండాలి.
* కరిచినా, గోరు గీరుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు.
* ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్ళు మంచం మీద పడుకోబెట్టుకోకపోవడమే మంచిది.

నాన్న కాలుమీద..

పోయిన డిసెంబరులో నాన్నకి స్టెంట్ వేశారు. చెకప్‌ల కోసం ఒంగోలు నుంచి వచ్చి నా దగ్గరే నెలరోజులున్నారు. వచ్చిన రోజే, “కుక్కని ఇంట్లో తిప్పుతావేంట్రా, వరండాలో కట్టెయ్” అన్నారు. బజ్జీకి ఏం అర్థమైందో, ఆయన కుర్చీకి ఓ గజం దూరంలోనే ఉండేది.

రెండోవారం ఓ సాయంత్రం ఆఫీస్ కాల్ ముగించి హాల్లోకొచ్చాను. నాన్న టీవీలో వార్తలు చూస్తున్నారు. బజ్జీ ఆయన పాదం మీద గడ్డం ఆనించి గుర్రుపెడుతోంది. నన్ను చూసి నాన్న మెల్లగా, “కాలు తిమ్మిరెక్కిందిరా” అన్నారు.

“తీసెయ్యొచ్చుగా నాన్నా?”

“పడుకుంది కదరా..”

ఆ తర్వాత మూడు సెకన్ల పద్ధతి ఆయనకీ నేర్పాను. “దీనికి ఇంత తతంగమా?” అన్నారు కానీ, రోజూ సాయంత్రం నేనెక్కడున్నానో చూసుకుని మరీ నిమిరేవారు. న్యూయార్క్‌లో 48 మంది స్టాక్ బ్రోకర్ల మీద చేసిన పరిశోధన ఒకటుంది. బీపీ ఉన్న వాళ్ళందరికీ మందిచ్చి, సగంమందికి కుక్కనో పిల్లినో పెంచుకోమన్నారు. మామూలుగా ఉండే బీపీని మందు అందరిలోనూ తగ్గించింది. కానీ ఒత్తిడి కలిగినప్పుడు బీపీ ఎగబాకడం మాత్రం జంతువుల్ని పెంచుకున్నవాళ్ళలోనే తక్కువగా ఉంది. ఇది చెప్తే నాన్న, “అయితే మాత్రలు మానెయ్యనా?” అన్నారు. “అవీ కావాలి, ఇదీ కావాలి” అన్నాను.

ఊరెళ్ళే రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. “ఉద్యోగం గురించి మరీ ఆలోచించకు. ఏదైనా అయితే ఇల్లుంది, మేమున్నాం” అన్నారు. అని, ఎప్పుడూ లేనిది నా వీపుమీద చెయ్యేసి మెల్లగా నిమిరారు. ఆగి, చెయ్యి తీసేశారు.

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.