ఇసుక, బురద, మంచు: పాఠం ఒక్కటే

మన తెనాలిలో "మంచు పడింది" అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవగట్టు కనబడలేదని అర్థం. తొమ్మిది గంటలకల్లా ఎండ వస్తుంది, మంచు పోతుంది, మనం కాలేజీకి వస్తాం. అంతటితో సరి. అలాంటి ఊరివాడు మోకాలిలోతు మంచులో జీపు నడపడం గురించి వ్యాసం రాస్తానంటే సంపాదకవర్గం నవ్వడంలో తప్పు లేదు.

కాని కాలం మారింది. సెలవులిస్తే మన కుర్రవాళ్లు మనాలీ అంటున్నారు, లడఖ్ అంటున్నారు. 2020 అక్టోబరులో రోహతాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచిన తర్వాత చలికాలంలో సైతం లాహౌల్ లోయలోకి బండ్లు పోతున్నాయి. చదువు కోసం అమెరికా వెళ్లిన పూర్వ విద్యార్థులు కొందరు మిచిగన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో ఏటా నెలల తరబడి మంచుతోనే కాపురం చేస్తున్నారు. సరదాకి రోడ్డు దిగి మంచులో బండి తోలడం అక్కడొక క్రీడ. ఆ విద్యకి ఓనమాలు మన దగ్గరే ఉన్నాయని చెప్పడమే నా ఉద్దేశం. తెనాలి రేగడి, బాపట్ల ఇసుక, రేపల్లె బురద, ఈ ముగ్గురు గురువుల దగ్గర పాఠం చెప్పుకున్నవాడికి మంచు కొత్త పరీక్షే గాని కొత్త సబ్జెక్టు కాదు.

బండి ఎందుకు దిగబడుతుంది?

బరువు వల్ల అంటాం. సగమే నిజం. ఆ బరువు ఎంత చోటు మీద పడుతోందన్నది మిగతా సగం. లెక్క వేసి చూడండి. 1,600 కిలోల జీపు ఉందనుకుందాం. ఒక్కో చక్రం మీద 400 కిలోలు. టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు 2 కిలోలు. కనుక టైరు నేలను తాకే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే పోస్టుకార్డున్నర! అంత బండీ ఆరు పోస్టుకార్డుల మీద నిలబడి ఉందన్నమాట. అదే గాలిని 15 పౌండ్లకి దించితే టైరు అణిగి ఒక్కొక్కటీ మూడు పోస్టుకార్డుల చోటు ఆక్రమిస్తుంది. టైరు గోడల బిగువు కూడా కొంత మోస్తుంది గనుక ఇది చిల్లరపైసలతో సహా సరిపోయే లెక్క కాదు. దారి చూపించడానికి మాత్రం చాలు.

ఈ సూత్రం మన రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊడ్పులకి ముందు ట్రాక్టరుకి దమ్ము చక్రాలు ఎందుకు తగిలిస్తున్నాడు? మామూలు టైరు బురదలో జారి ఒకచోటే తిరుగుతుంది. వెడల్పాటి ఇనుప దమ్ము చక్రం బరువుని పంచుతుంది, బురదని పట్టుకుంటుంది. ఐస్‌లాండులో హిమానీనదాల మీద తిరిగేవాళ్లు చేసేదీ ఇదే. పెద్ద పెద్ద టైర్లు వేసి, గాలి 5 పౌండ్లకి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దించుతారు.

సూర్యలంకలో ఒక సాయంత్రం

చదువుకునే రోజుల్లో నలుగురు మిత్రులం ఒక పాత జీపు అడిగి తెచ్చుకుని బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లాం. తడి ఇసుక మీద బండి సిమెంటు రోడ్డు మీద పోయినట్టు పోయింది. ఆ ధీమాతో పొడి ఇసుకలోకి తిప్పాం. ఇరవై గజాలు పోయి ఆగింది. నేను యాక్సిలరేటరు తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగాయి, ఇసుక లేచింది, బండి కూచుంది. ఇంకా తొక్కాను, ఇంకా కూచుంది. అరగంటకి ఇరుసు ఇసుకకి ఆనింది. సముద్రం పోటు మీద ఉంది. అల వచ్చినప్పుడల్లా నురుగు మాకు ఓ అడుగు దగ్గరవుతోంది. జీపు మాది కాదు. ఇంట్లో ఏం చెప్పాలన్న దిగులుతో మాకు నోట మాట రాలేదు.

చేపల లోడుకి వచ్చిన ఒక పెద్దవయసు డ్రైవరు మా అవస్థ చూసి వచ్చాడు. "బండి తప్పు గాదు తమ్ముడూ, నీ కాలిది తప్పు. ముందు కాలు తియ్యి" అన్నాడు. నాలుగు టైర్లలోనూ సగం గాలి తీయించాడు. చక్రాల ముందు ఇసుక చేతులతో తోడించాడు. ఎండు తాటిమట్టలు తెచ్చి పరిపించాడు. మా ముగ్గురి చేత వెనక నుంచి తోయిస్తూ, మెల్లగా, చక్రం గిర్రున తిరగకుండా కదపమన్నాడు. జీపు బుద్ధిగా పైకొచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. గాలి తీశాం గాని కొట్టుకోవడానికి మా దగ్గర పంపు లేదు. మెత్తటి టైర్లతో బాపట్ల చేరేసరికి ఒక టైరు కాగి గోడ పగిలింది. దాని ఖరీదు నలుగురం పంచుకున్నాం. ఆ రోజు నేర్చుకున్న రెండో పాఠం ఇది: తిరిగి కొట్టుకునే సాధనం లేనివాడు గాలి తియ్యకూడదు.

మంచు ఎక్కడ వేరు?

రేగడి డొంకలో పైన పెచ్చు ఎండి లోపల బురద ఉంటుంది. నమ్మి దిగితే పోతాం. మంచూ అంతే. పైపెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద గుంట ఉందో, రాయి ఉందో, కాలవే ఉందో తెలియదు. అందుకని దిగి, కర్రతో పొడిచి చూసి, ఆ తర్వాత బండి పోనివ్వాలి. మంచు మరీ లోతైతే బండి పొట్ట మంచు మీద ఆనుతుంది. అప్పుడు చక్రాల మీద బరువుండదు, బరువు లేని చక్రానికి పట్టు ఉండదు. పొట్ట కింద మంచు పారతో తోడటం తప్ప మార్గాంతరం లేదు. టైర్లకి గొలుసులు వేసుకునేది దిగబడక ముందే గాని, దిగబడ్డాక కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. చలికి తాళలేక ఆగిపోయిన బండిలో ఇంజను వేసుకుని కూచుంటారు. పొగగొట్టం మంచులో కప్పడిపోతే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్ర వచ్చినట్టే ఉండి ప్రాణం పోతుంది. ఇంజను వేసే ముందు ప్రతిసారీ గొట్టం చుట్టూ మంచు తోడాలి, అద్దం కొద్దిగా దించి ఉంచాలి. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, మామూలు డీజిలు చిక్కబడుతుంది. 2019లో లడఖ్ కోసం ప్రత్యేకంగా శీతకాలపు డీజిలు తెచ్చింది ఇందుకే.

మూట కట్టుకోవలసినవి

పార, రెండు చెక్కపలకలు, గాలిపంపు, గాలి చూసే గేజి, గట్టి తాడు, టార్చిలైటు, తాగే నీళ్లు, తినడానికేమైనా. మంచుకైతే వీటికి తోడు గొలుసులు, దుప్పట్లు. ఒంటరి బండి పనికిరాదు, రెండో బండి తోడుండాలి. ఎక్కడికి పోతున్నామో, ఎప్పటికి వస్తామో ఇంట్లో చెప్పి పోవాలి. తాడు బంపరుకి కట్టరాదు, చట్రానికున్న కొక్కేనికే కట్టాలి. లాగేటప్పుడు తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు. తెగిన తాడు కొరడా దెబ్బకన్నా చెడ్డది. మంచులో చిక్కుకుపోతే బండి వదిలి నడిచిపోవద్దు. మనిషికన్నా బండిని వెతకడం తేలిక.

ఇదంతా వినోదమేనా?

కొందరు పెద్దలు "పెట్రోలు తగలేసే సరదా" అంటారు. ఒప్పుకుంటాను, సరదాయే. కాని 1977 నవంబరు 19 నాటి తుపాను, దివిసీమ ఉప్పెన తలచుకోండి. రోడ్లు తెగి, బురద మేటలు వేసి, సహాయం సకాలంలో అందని ఊళ్లెన్నో. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన తీరానికి తుపాను చుట్టం కాదు, ఇంటిమనిషి. అటువంటి రోజున బియ్యం మూటలతోనో, నొప్పులు పడుతున్న తల్లితోనో నిజాంపట్నం వైపు బురదలో బండి ఆగితే, "కాలు తియ్యి, గాలి దించు, మట్టలు వెయ్యి" అని చెప్పగలిగినవాడు ఒక్కడుంటే చాలు. ఆ ఒక్కడు సరదాగా నేర్చుకున్నవాడైతే మాత్రమేం?

అయితే నేర్చుకునేటప్పుడు ఒక్క నియమం మరవకండి. మనకి ఆటస్థలమైనది ఇంకొకరికి బతుకుతెరువు. పంటచేల గట్లు తొక్కకండి, వలలు ఆరేసిన చోటికి పోకండి. చలికాలం చివర నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరపు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్ష. మన చక్రం కింద ఆ గూడు చితికితే మనకి చప్పుడైనా వినబడదు.

ఆ డ్రైవరు పేరు మేము అడగనేలేదు. టీ తాగమంటే, లోడు ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు. తర్వాత ఎన్ని చోట్ల దిగబడ్డా, బండిలోనూ బతుకులోనూ, ముందుగా గుర్తొచ్చేది ఆయన మాటే. ముందు కాలు తియ్యాలి. తర్వాత కిందికి దిగి, నేలేమంటోందో చూడాలి.