కంచ అనే మాట, కంచ అనే నేల: హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణ సందర్శన

కీలకపదాలు: కంచ, గడ్డిభూమి, పోరంబోకు, హైదరాబాదు విశ్వవిద్యాలయం, పర్యావరణ పునరుద్ధరణ.

మియాపూర్ కూడలి నుండి ముంబయి రహదారిపై చందానగర్ దాటి, లింగంపల్లి వద్ద గచ్చిబౌలి వైపు మళ్ళితే, బహుళ అంతస్తుల వరుస ఒకచోట తెగి ప్రహరీగోడ మొదలవుతుంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమది. అడవి ఉందని విని వచ్చినవారికి మొదట కొంత నిరాశ తప్పదు. ఆకాశాన్నంటే చెట్లుండవు. మోకాలెత్తు గడ్డి, ముళ్ళపొదలు, ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్ళు, వాటి నడుమ ప్రసిద్ధమైన పుట్టగొడుగు శిల మాత్రమే కనిపిస్తాయి. ఆ నిరాశకు కారణం నేలలో లేదు. ఎదుట ఉన్నదానికి తగిన పేరు మనం మరచిపోవడంలో ఉంది. ఆ పేరు తెలుగులో ఉంది. అదే 'కంచ'.

పేరు – వర్గీకరణ

తెలంగాణ పల్లెవాడుకలో కంచ అంటే దున్నకుండా పశువుల మేతకు విడిచిన గడ్డినేల. దడి అనే అర్థంలోని 'కంచె'తో దీనికి పోలిక కనిపిస్తుంది గాని, ఆ చర్చకు ఇది చోటు కాదు. ఇమారత్ కంచ, కంచ గచ్చిబౌలి వంటి స్థలనామాలలో ఈ మాట నిలిచి ఉంది. గొర్రెల కాపరికి కంచ ఖాళీ జాగా కాదు. ఏ వానకు ఏ గడ్డి లేస్తుందో, ఏ గుంటలో ఎన్నాళ్ళు నీరు నిలుస్తుందో అతనికి తెలుసు. రెవెన్యూ దస్త్రాలకు అక్కర ఉన్నది శిస్తు. అందువల్ల శిస్తు రాని నేల వాటిలో 'పోరంబోకు' అయింది. తరువాత వచ్చిన శాస్త్రీయ పరిభాష కూడా ఆ దృష్టిని మార్చలేదు. మియాపూర్‌కు ఎంతో దూరం లేని బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం తోడ్పాటుతో వెలువడే బంజరు భూముల అట్లాసు పొదల నేలలను 'బంజరు' వర్గంలోనే చూపుతుంది. మేతభూమి పోరంబోకై, పోరంబోకు బంజరైన తరువాత, బంజరు 'అభివృద్ధికి అనువైన స్థలం' కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

పాదాల వద్ద చూడవలసినవి

ఈ ప్రాంగణాన్ని చూడటానికి వానలు వెనుకబట్టి గడ్డి కంకి వేసే కాలం మేలు. దక్కను గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. దానిపై మట్టి పొర చాలా పలుచన. చాలాచోట్ల బండ పైకే తేలి ఉంటుంది. అటువంటి నేలలో పెద్ద చెట్లు దట్టంగా పెరగకపోవడం లోపం కాదు, సహజం. ఆ పలుచని మట్టిని పట్టి ఉంచేది గడ్డి వేళ్ళ అల్లిక. పైభాగం ఎండినా, పశువు మేసినా, నిప్పు తగిలినా, నేలమట్టాన ఉన్న మొగ్గల నుండి గడ్డి మళ్ళీ లేస్తుంది. దక్కనులో విస్తారంగా పెరిగే హెటెరోపోగాన్ కంటార్టస్ అనే గడ్డి గింజకు పొడవాటి ముల్లుతోక ఉంటుంది. అది తేమ తగిలితే విప్పుకొని, ఎండితే మెలిపడుతూ, గింజను బరమా వలె మట్టిలోకి దింపుతుంది. ఇలాంటి గడ్డిలో నడిచివచ్చినవారు బట్టలకు గుచ్చుకున్న గింజలను ఏరుకోక తప్పదు. విసుగు పుట్టించే పని, కాని గడ్డి వ్యాపించే తీరును ఇంతకన్న బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

నక్షత్ర తాబేలు, నెమలి, చుక్కల దుప్పి ఇక్కడ నివసిస్తాయి. రెండు వందలకు పైగా పక్షిజాతులు నమోదయ్యాయి. 2010లో శాస్త్రలోకానికి పరిచయమైన ఒక సాలీడు, మురీషియా హైదరాబాదెన్సిస్, ఈ నగరం పేరునే ధరించింది.

అడవిగా నిరూపించుకోవలసిన గడ్డి

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో యంత్రాలు దిగాయి. విద్యార్థులు ప్రతిఘటించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేసింది. అదే నెల 16న, చదునైన సుమారు 100 ఎకరాల పునరుద్ధరణకు ప్రణాళిక కోరింది. యాజమాన్య వివాదం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. వాదన సాగిన భాష మాత్రం పరిశీలింపదగినది. 1996 డిసెంబరు 12 నాటి గోదవర్మన్ కేసు ఉత్తర్వు ప్రకారం నిఘంటువు అర్థంలో 'అడవి' అయిన ప్రతి నేలకూ అటవీ చట్టపు రక్షణ వర్తిస్తుంది. గడ్డిభూమికి అలాంటి ఆశ్రయం లేదు. కనుక కంచ తనను తాను అడవిగా నిరూపించుకోవలసి వచ్చింది. ఆపద సమయంలో ఆ వాదన అవసరమే. అయితే 'అడవి' అన్న తరువాత పునరుద్ధరణ అంటే మొక్కలు నాటడమే అనుకునే ప్రమాదం ఉంది. గడ్డి లేచే చోట వరుసగా నీడచెట్లు పెంచితే ఎండ కోరే గడ్డిజాతులు తగ్గిపోతాయి. నక్షత్ర తాబేలుకు మేతా మరుగూ కరవవుతాయి.

ఈ విషయంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మాడిసన్ ప్రాంగణ అనుభవం మనకు ఉపయోగపడుతుంది. అక్కడ 1930లలో, ఒకప్పటి సాగునేలలో, ప్రేరీ అనే సహజ గడ్డిమైదానాన్ని తిరిగి నెలకొల్పే పని మొదలైంది. నేడది కర్టిస్ ప్రేరీగా ప్రసిద్ధం. దానికోసం మిగిలివున్న ప్రేరీల నుండి విత్తనాలను, వేళ్ళతో సహా గడ్డిపెళ్ళలను తెచ్చారు. పొదలు కమ్మకుండా నిర్ణీత కాలాలలో నిప్పు పెట్టడం నేర్చుకున్నారు. తొమ్మిది దశాబ్దాలు కావస్తున్నా ఆ సంరక్షణ ఆగలేదు. నిప్పు పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తేవాలని కాదు. మన వానలు వేరు, మన మేత చరిత్ర వేరు. కాని మనకున్న ఒక సౌలభ్యం వారికి లేదు. చదునైన 100 ఎకరాలకు ఆనుకొనే గడ్డి, పొదలు, బండలు ఇంకా మిగిలి ఉన్నాయి. కావలసిన విత్తనం గాలివాటున చేరగలిగేంత దగ్గరలోనే ఉంది.